మందు డబ్బా మీద రాసింది ఎవరి కోసం?

(ఈపూరులో జరిగిన మన సంఘం సర్వసభ్య సమావేశంలో, వ్యవసాయ శాఖలో పనిచేసి పదవీ విరమణ పొందిన సభ్యులొకరు చేసిన ప్రసంగ పాఠం. సభ్యుల కోరికపై ఈ ప్రత్యేక సంచికలో ప్రచురిస్తున్నాము.)



డి.ఆర్. బకాయిల సంగతి, హెల్త్ కార్డుల సంగతి కార్యదర్శి గారు ఇందాకనే వివరంగా చెప్పారు. నాకు ఇచ్చిన విషయం “ప్రమాదకర రసాయనాల ప్యాకింగు, లేబుళ్లపై ప్రభుత్వ నియంత్రణ”. ఆ పేరు చదవగానే వెనక వరసలో ఇద్దరు మిత్రులు లేచి బయటికి వెళ్లారు. టీ కోసమేలెండి, వస్తారు. పేరు పెద్దదే గాని సంగతి మన ఇంటి అటక మీద, గొడ్లచావిడి మూలన ఉన్నదే. పత్తి, మిర్చి వేసే పల్నాడులో పురుగుమందు డబ్బా లేని ఇల్లు ఎన్ని ఉంటాయో మీరే లెక్క వేసుకోండి. అందుచేత రసాయనాలన్నిటి జోలికీ పోకుండా ఎక్కువగా పురుగుమందుల గురించే మనవి చేస్తాను.

మన భాషలో ఒక చిక్కు ఉంది. జ్వరానికి వేసుకునేది మందే. పత్తి మీద కొట్టేదీ మందే. చేలో చల్లే యూరియాని కూడా చాలామంది మందనే అంటారు. సాయంత్రం పూట కొందరు పుచ్చుకునేది సరేసరి. టపాకాయలో కూరేదీ మందే. ఇన్నిటికీ ఒక్కటే మాట. “తాతయ్య మందు తెచ్చాడు” అంటే నాలుగేళ్ల మనవడికి ఏ మందని తెలుస్తుంది? పెద్దవాళ్లకయినా చీకట్లో, కరెంటు పోయినప్పుడు, ఏ సీసాలో ఏముందో ఏం తెలుస్తుంది? మన మాట చెప్పని సంగతిని డబ్బా చెప్పాలి. లేబుల్ అనేది అందుకోసం ఉంది.

ఈ దేశంలో పురుగుమందులకు చట్టం ఎలా వచ్చిందో చాలామందికి తెలియదు. పంటలకు నష్టం జరిగిందనో, కల్తీ పెరిగిందనో వచ్చిందనుకుంటారు. అసలు సంగతి అది కాదు. 1958 ఏప్రిల్, మే నెలల్లో కేరళలోను, అప్పటి మద్రాసు రాష్ట్రంలోను విషాహారం తిని చాలామంది చనిపోయారు. ఒక్క కేరళలోనే వందమందికి పైగా మరణించారు. ఓడలో తెచ్చిన గోధుమ పిండి తిన్నవాళ్లు వాళ్లు. అదే ఓడలో ఫాలిడాల్ కూడా వచ్చింది. పారాథియాన్ అనే రసాయనానికి అది వ్యాపార నామం. అది కారి పిండి బస్తాలకు అంటింది. పిండి రంగు మారలేదు, ఎవరికీ అనుమానం రాలేదు. రొట్టెలు చేశారు, తిన్నారు.

ఫాలిడాల్ పేరు ఇక్కడున్న మనందరికీ తెలుసు. ఎండ్రిన్ పేరు కూడా. మన చిన్నతనంలో ఈ రెండూ మందుల పేర్లుగా కాక చావుకు మారుపేర్లుగా వినపడేవి. “ఎండ్రిన్ తాగాడట” అని గుసగుసగా చెప్పుకునేవారు. ఆ సీసాలో ఉన్నది నిజంగా ఎండ్రినేనా, మరొకటా అని ఎవరూ చూసేవారు కాదు. ఈ సంగతిని గుర్తు పెట్టుకోండి, మళ్లీ దీని దగ్గరికి వస్తాను.

కేరళ ఘటన మీద బొంబాయి హైకోర్టు న్యాయమూర్తి జె.సి. షా గారి అధ్యక్షతన భారత ప్రభుత్వం విచారణ సంఘాన్ని వేసింది. తరువాత ప్రణాళికా సంఘ సభ్యులు ప్రొఫెసర్ ఎం.ఎస్. థాకర్ గారి ఆధ్వర్యంలో నిపుణుల సంఘం పరిశీలించింది. ఆ తరువాతే 1968లో కీటకనాశనుల చట్టం వచ్చింది, 1971లో దాని నియమాలు వచ్చాయి. పదేళ్లు పట్టింది. ఆలస్యానికి మనం, అంటే సర్కారు కొలువు చేసినవాళ్లం, ఆశ్చర్యపోనక్కర లేదు. నేను చెప్పదలచింది ఏమంటే, ఈ చట్టానికి మూలం పొలంలో జరిగిన ప్రమాదం కాదు. సరుకును ఎందులో పోశారు, దేని పక్కన పెట్టారు అన్న దగ్గర జరిగిన ప్రమాదం. అంటే ఇది పుట్టుకతోనే ప్యాకింగు చట్టం.

ఆ నియమాల ప్రకారం డబ్బా మీద ఏమి ఉండాలో చెబుతాను. తయారు చేసిన సంస్థ పేరు, మందు పేరు, అందులో అసలు విషం ఏది, ఎంత శాతం, రిజిస్ట్రేషన్ నంబరు, బ్యాచి నంబరు, తయారీ తేదీ, గడువు తేదీ, నికర పరిమాణం, విరుగుడు. డబ్బాతో పాటు లోపల ఒక కరపత్రం కూడా ఉండాలి. ఏ పంటకు, ఏ పురుగుకు, ఎంత మోతాదు, విషం ఎక్కితే కనిపించే లక్షణాలు, ప్రథమ చికిత్స, ఖాళీ డబ్బాను ఏం చేయాలి అనేవి అందులో ఉంటాయి. హిందీ, ఇంగ్లీషులతో పాటు అమ్మే ప్రాంతపు భాషలో కూడా అచ్చు వేయాలి. అంటే మన దగ్గర తెలుగు తప్పనిసరి.

ఇంకొక నియమం నాకు చాలా నచ్చినది. లేబుల్ మీద “సురక్షితం”, “హాని లేనిది”, “విషం కాదు” వంటి మాటలు వేయకూడదు. “చెప్పినట్టు వాడితే” అని ముందు ఒక షరతు తగిలించి కూడా వేయకూడదు. ఈ నియమం రాసిన అధికారి ఎవరో గాని మన వ్యాపారుల సంగతి బాగా తెలిసినవాడు.

ఇక రంగుల గుర్తు. మూలమీద నిలబెట్టిన చదరం. దాని కింది సగంలో రంగు ఉంటుంది. మన రైతులు దీన్ని త్రికోణం అంటారు, నేనూ అదే అంటాను. ముఖపు లేబుల్ విస్తీర్ణంలో అది పదహారో వంతుకు తగ్గకూడదు. ఎరుపు అంటే అత్యంత విషపూరితం. దాని పై సగంలో పుర్రె, ఎముకల బొమ్మ, ఎర్ర అక్షరాలతో విషం అన్న మాట ఉంటాయి. పసుపు అంటే ఎక్కువ విషం. దాని మీద విషం అన్న మాట ఉంటుంది గాని పుర్రె ఉండదు. నీలం మధ్యస్థం, దాని మీద అపాయం అని రాస్తారు. ఆకుపచ్చ స్వల్పం, జాగ్రత్త అని ఉంటుంది. ఈ విభజనకు ఆధారం ఎలుకల వంటి జంతువుల మీద చేసిన పరీక్షలు. సగం జంతువులు చనిపోవడానికి కిలో బరువుకు ఎన్ని మిల్లీగ్రాములు కావాలో చూస్తారు. నోటి ద్వారా అయితే యాభై లోపు ఎరుపు, ఐదు వందల లోపు పసుపు, ఐదు వేల లోపు నీలం, అంతకు మించితే ఆకుపచ్చ. చర్మం ద్వారా ఎక్కే విషానికి వేరే కొలత ఉంది. మోనోక్రోటోఫాస్ ఎరుపు. క్లోరోపైరిఫాస్ పసుపు.

చట్టం చదివినవాడికి ఇది చక్కగానే ఉంది. కొట్టు దగ్గర నిలబడి చూస్తే వేరు. నేను ఉద్యోగంలో ఉండగా రైతు సదస్సుల్లో డబ్బా ఎత్తి చూపి “ఈ ఎరుపు ఏమిటి?” అని అడిగేవాణ్ని. “ఘాటు మందండీ, పురుగు నిలవదు” అనేవారు. ఆకుపచ్చ చూపిస్తే “చేను పచ్చబడుతుందండీ” అని ఒకాయన చెప్పాడు. నవ్వవలసిన పని లేదు. ఎవరూ చెప్పకపోతే ఎవరైనా అలాగే అనుకుంటారు. విషానికి సంబంధించిన గుర్తు ఆ రైతుకు నాణ్యత గుర్తుగా కనిపించింది. పైగా నాలుగు రంగులూ ఒకే వ్యవధి విషాన్ని చెబుతాయి, అంటే వెంటనే ఎక్కే విషాన్ని. ఏళ్ల తరబడి కొద్దికొద్దిగా ఒంట్లో చేరితే ఏమవుతుందో ఆ త్రికోణం చెప్పదు. ఆకుపచ్చ డబ్బా చేత్తో కలపవచ్చు అనుకోవడం అందుకే పొరపాటు.

మరొక సంగతి. కంపెనీ పెట్టిన ముద్దుపేరు పెద్ద అక్షరాల్లో ఉంటుంది, అసలు రసాయనం పేరు కింద చిన్నగా ఉంటుంది. ఒకే రసాయనాన్ని రెండు కంపెనీలు రెండు పేర్లతో అమ్ముతాయి. ఒకటి పని చేయలేదని రెండోది తెచ్చి కొట్టిన రైతు మళ్లీ అదే మందు కొట్టాడన్నమాట. డబ్బు పోయింది, పురుగుకు మందు అలవాటు పడింది. 1987–88లో గుంటూరు, ప్రకాశం జిల్లాల పత్తి రైతులను తెల్లదోమ ముంచినప్పుడు ఈ ప్రాంతంలో ఎన్నిసార్లు కొట్టారో, ఏమేమి కలిపి కొట్టారో మీలో చాలామంది కళ్లారా చూశారు. ఆ ఏడు రైతుల ఆత్మహత్యలు దేశమంతా పత్రికల కెక్కాయి. దానికి కారణాలు చాలా ఉన్నాయి. అప్పు ఉంది, ధర ఉంది. లేబుల్ ఒక్కదాని మీదికి అంతా తోసేయడం న్యాయం కాదు. కాని ఏది కొడుతున్నాడో తెలియకుండా కొట్టడం మాత్రం ఆ నష్టంలో భాగమే.

ఇప్పుడు ఇందాక గుర్తు పెట్టుకోమన్న సంగతి దగ్గరికి వస్తాను. సీసాలో ఉన్నది ఎండ్రినేనా, మరొకటా అన్న ప్రశ్న. ఇది ఆసుపత్రిలో ప్రాణానికి సంబంధించిన ప్రశ్న.

రోగిని ఆటోలో తీసుకొచ్చారనుకోండి. మనిషికి స్పృహ లేదు. వెంట వచ్చినవాళ్లు “పురుగుమందండీ” అంటారు. ఏ పురుగుమందు? మోనోక్రోటోఫాస్, క్లోరోపైరిఫాస్ వంటివి ఆర్గానోఫాస్ఫరస్ జాతి. వీటికి కనుపాప సూదిమొనంత అవుతుంది, నోటి వెంట చొంగ కారుతుంది, ఒళ్లంతా చెమట, విరేచనాలు, కండరాలు అదురుతాయి. దీనికి అట్రోపిన్ ఇంజెక్షన్ విరుగుడు. దానితో పాటు పామ్ అనే మందు కూడా ఇస్తారు, అది ఎంత త్వరగా పడితే అంత మంచిది. కార్బమేట్ జాతికి లక్షణాలు ఇలాగే ఉంటాయి, అట్రోపిన్ పనిచేస్తుంది, పామ్ అవసరం సాధారణంగా ఉండదు. ఎండోసల్ఫాన్ జాతికి మూర్ఛలు వస్తాయి, దానికి ప్రత్యేకమైన విరుగుడు లేదు, మూర్ఛను ఆపే వైద్యం చేస్తారు. కలుపు మందు పారాక్వాట్ సంగతి ఇంకా వేరు. దానికి విరుగుడు లేదు. ఊపిరి ఆడనివాడికి ఆక్సిజన్ పెట్టడం ఎక్కడైనా మొదటి పని. పారాక్వాట్ విషయంలో అవసరం లేకుండా ఆక్సిజన్ ఇస్తే ఊపిరితిత్తులకు హాని పెరుగుతుంది. చూశారా? ఒక రోగికి ప్రాణం పోసేది మరొక రోగికి కీడు చేస్తుంది. ఆ పారాక్వాట్ డబ్బా మీద ఉండేది పసుపు రంగే, పుర్రె బొమ్మ కూడా ఉండదు.

కాబట్టి డాక్టరుకు కావలసింది ఆ డబ్బా. రోగిని తీసుకెళ్లేవాళ్లు డబ్బాను కూడా తీసుకెళ్లాలి. మూత బిగించి, ప్లాస్టిక్ సంచిలో పెట్టుకుని. డబ్బా దొరక్కపోతే కరపత్రం, అదీ లేకపోతే కొట్టు బిల్లు. ఈ రోజుల్లో అందరి చేతుల్లోను ఫోను ఉంది, లేబుల్‌ను ఫొటో తీసి ముందుగా పంపినా మేలే. ఢిల్లీలోని ఎయిమ్స్‌లో జాతీయ విష సమాచార కేంద్రం ఉంది. అసలు పేరు తెలిస్తే డాక్టరుగారు అక్కడికి ఫోను చేసి సలహా అడగవచ్చు. పేరే తెలియకపోతే వాళ్లు మాత్రం ఏం చెబుతారు?

ఈలోగా ఇంట్లో చేయకూడని పనులు కొన్ని ఉన్నాయి. పల్లెల్లో ఉప్పునీళ్లు, సబ్బునీళ్లు, చివరికి పేడనీళ్లు కూడా తాగించి వాంతి చేయిస్తారు. దయచేసి ఆ పని చేయనివ్వకండి. స్పృహ సరిగా లేనివాడికి వాంతి చేయిస్తే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. మన మందుల్లో చాలావాటిని కిరోసిన్ వంటి ద్రావకాల్లో కలిపి తయారు చేస్తారు, అది ఊపిరితిత్తిలోకి పోతే మరో ప్రమాదం. తడిసిన బట్టలు విప్పేసి, సబ్బుతో ఒళ్లు కడిగి, పక్కకు తిప్పి పడుకోబెట్టి 108కి ఫోను చేయడమే. కడిగేవాళ్లు చేతులకు తొడుగులు గాని, అవి లేకపోతే ప్లాస్టిక్ సంచులు గాని వేసుకోవాలి.

ఇంతవరకు చెప్పింది డబ్బాలో ఉన్న మందు గురించి. డబ్బాలోంచి బయటికి వచ్చిన మందు సంగతి ఏమిటి? నా ఉద్దేశంలో అసలు ప్రమాదం అక్కడే ఉంది. లీటరు డబ్బా కొంటారు, ఒక మడికి పావు లీటరు చాలు, పక్క రైతు “నాకు కాస్త పొయ్యి” అంటాడు. దేనిలో పోస్తారు? కూల్‌డ్రింక్ సీసాలో. మంచినీళ్ల సీసాలో. ఆ క్షణం నుంచి దానికి పేరు లేదు, రంగు లేదు, పుర్రె లేదు, విరుగుడు లేదు, గడువు లేదు. 1968 చట్టం ఆ డబ్బా అంచు వరకే వచ్చి ఆగిపోయింది. లైసెన్సు లేకుండా మందును విడిగా పోసి అమ్మడం కొట్టువాడికి నేరం. చావిడిలో అన్నదమ్ములు పంచుకోవడాన్ని ఏ ఇన్‌స్పెక్టరు పట్టుకుంటాడు? నేను అదే హోదాలో పని చేశాను కాబట్టి చెబుతున్నాను, పట్టుకోలేడు.

దీనికి తిరగేసిన ప్రమాదం కూడా ఉంది. మందు డబ్బాలో తినే వస్తువు పోయడం. 2013 జూలై 16న బీహారులోని సారణ్ జిల్లాలో ఒక ప్రాథమిక పాఠశాలలో మధ్యాహ్న భోజనం తిన్న పిల్లలు 23 మంది చనిపోయారు. కూర వండిన నూనెలో మోనోక్రోటోఫాస్ ఉన్నట్టు పరీక్షలో తేలింది. నూనె పెట్టిన పాత్ర అంతకు ముందు ఆ మందు ఉన్నదని బయటపడింది. 1958 కేరళకూ 2013 బీహారుకూ మధ్య 55 ఏళ్లు. నడుమ ఒక చట్టం, దానికి నియమాలు, సవరణలు. మళ్లీ అదే తిండి, అదే విషం, మధ్యలో ఒక డబ్బా.

ఖాళీ డబ్బాను పగులగొట్టి, ఊరికి దూరంగా పాతిపెట్టాలని నియమం ఉంది. మూడుసార్లు కడిగి ఆ కడుగునీళ్లను స్ప్రేయరు ట్యాంకులోనే పోసుకోవాలి. కాలువలో కడగకూడదు. మన పక్క ఏం జరుగుతుందో మీకు తెలుసు. గట్టు మీద పారేస్తే పాత సామాన్లవాడు ఏరుకుపోతాడు. కొన్ని ఇళ్లల్లో గట్టి ప్లాస్టిక్ డబ్బా కదా అని కడిగి దొడ్లో నీళ్లకు వాడతారు. ఎన్నిసార్లు కడిగినా ప్లాస్టిక్ పీల్చుకున్నది పోదు.

నియమాలున్నా అమలు ఎందుకు కాలేదని మీరు అడగవచ్చు. నా అనుభవంలో తోచింది చెబుతాను. ఒకటి, లేబుల్ చదవవలసినవాడు ఒకడు, మందు కొనేవాడు ఒకడు. కొనేది ఆసామి, కొట్టేది కూలి. కరపత్రం ఆసామి జేబులోనో, కొట్టు ముందు చెత్తలోనో ఉంటుంది. స్ప్రేయరు కూలి వీపు మీద ఉంటుంది. 2017లో మహారాష్ట్రలోని యావత్మాళ్ జిల్లాలో పత్తికి మందు కొడుతూ ఇరవై మందికి పైగా చనిపోయారు, వందల మంది ఆసుపత్రి పాలయ్యారు. వారిలో కూలీలు చాలామంది. రెండు మూడు మందులు కలిపి కొట్టడం అక్కడ మామూలైన సంగతిగా బయటికి వచ్చింది. కలిపిన మందుకు లేబుల్ ఎక్కడుంటుంది? ఒక్కొక్క డబ్బాకు ఒక్కొక్క లేబుల్ ఉంది గాని బక్కెట్టులో కలిసినదానికి ఏదీ లేదు.

రెండో సంగతి అచ్చు సైజు. ఇక్కడ కూర్చున్నవారిలో సగం మందికి కంటి ఆపరేషన్లు అయ్యాయి. వందో, రెండు వందలో మిల్లీలీటర్ల సీసా మీద మూడు భాషల్లో అన్ని వివరాలూ అచ్చు వేస్తే చీమల బారులాగా ఉంటుంది. తెలుగు వేశామన్న పేరు మాత్రం దక్కుతుంది. అందులోని తెలుగు మాటకొస్తే, ఇంగ్లీషు నుంచి నేరుగా దించిన తెలుగు. “ప్రతివిషం లక్షణానుసార చికిత్స” అని ఉంటుంది. ఎమ్మే చదివినవాడికే రెండుసార్లు చదవాల్సి వస్తుంది. “దీనికి ప్రత్యేక విరుగుడు లేదు, వెంటనే ఆసుపత్రికి తీసుకెళ్లండి” అని రాస్తే ఏం పోయింది?

లేబుల్ గొప్పతనం చెబుతూనే దాని పరిమితి కూడా చెప్పాలి. పిల్లలకు అందనివ్వకండి అని రాయడం మంచిదే. కాని అంత విషం ఊళ్లోకి రాకుండా చూడడం ఇంకా మంచిది. శ్రీలంకలో 1995 ప్రాంతంలో అత్యంత విషపూరితమైన మందులను, 1998లో ఎండోసల్ఫాన్‌ను నిషేధించారు. ఆ తరువాత పదేళ్లలో ఆ దేశంలో ఆత్మహత్యల రేటు సగానికి సగం తగ్గింది. వ్యవసాయం దెబ్బతిన్నదని కూడా తేలలేదు. క్షణికావేశంలో చేయి చాచినప్పుడు అందినది ఏదన్న దాని మీద ప్రాణం ఆధారపడి ఉంటుంది. ఇంట్లో ఎవరైనా మనసు కుంగి ఉన్నారని తోస్తే వారితో కూర్చుని మాట్లాడండి, డాక్టరుకు చూపించండి. మందు పెట్టెకు తాళం వేసి తాళంచెవి మీ దగ్గర పెట్టుకోండి. ఆ పని పింఛనుదారులైన మనం చేయగలిగినంతగా ఇంకెవరూ చేయలేరు. మనం ఇంటి పట్టున ఉంటాం.

మన దేశంలోనూ నిషేధాలు నెమ్మదిగా వచ్చాయి. ఎండోసల్ఫాన్‌ను 2011 మేలో సుప్రీంకోర్టు ఆపింది. మోనోక్రోటోఫాస్‌ను కూరగాయల మీద వాడకూడదని 2005లోనే ఉత్తర్వు వచ్చింది. 2018 ఉత్తర్వు ప్రకారం ఫోరేట్, ట్రైజోఫాస్, ఫాస్ఫామిడాన్, డైక్లోర్‌వాస్ వంటివి 2020 డిసెంబరు 31తో ఆగిపోయాయి. 2023లో మోనోక్రోటోఫాస్ 36 శాతం ద్రావకం రిజిస్ట్రేషన్ రద్దుకు కేంద్రం ఉత్తర్వు ఇచ్చింది. 1968 చట్టం స్థానంలో కొత్తది తేవాలని 2008లోను, 2020లోను రాజ్యసభలో బిల్లులు పెట్టారు, అవి చట్టం కాలేదు. మీ అటకల మీద ఈ పేర్లున్న పాత డబ్బాలు ఉన్నాయేమో చూడండి. “ఇంకా సగం ఉంది, ఎప్పటికైనా పనికొస్తుంది” అనే మన తరం పొదుపు అలవాటు ఈ ఒక్క చోట పనికిరాదు. దొడ్లో పారబోయకండి, బావి దగ్గర అసలే వద్దు. వ్యవసాయాధికారిని అడిగి ఆయన చెప్పినట్టు చేయండి. కిసాన్ కాల్ సెంటరు 1800 180 1551కి ఫోను చేసినా తెలుగులోనే సలహా చెబుతారు.

కొట్లలో ఈ మధ్య “బయో” అని ముచ్చటైన సీసాలు వస్తున్నాయి. ఆకుల బొమ్మ, పువ్వుల బొమ్మ ఉంటాయి. త్రికోణం ఉండదు, రిజిస్ట్రేషన్ నంబరు ఉండదు, లోపల ఏముందో ఉండదు. అన్నీ మోసమని నేను అనను. కాని పురుగు చస్తుందని చెప్పి అమ్మేదాని మీద రిజిస్ట్రేషన్ నంబరు లేకపోతే అది కొనదగింది కాదు. విషం లేదు కాబట్టి గుర్తు లేదనుకోకండి. పరీక్ష చేయించలేదు కాబట్టి గుర్తు లేకపోవచ్చు.

పురుగుమందులు కాక మిగతావాటి గురించి రెండు మాటలు. 2003లో ఐక్యరాజ్యసమితి ప్రపంచమంతటికీ ఒకే రకమైన రసాయన గుర్తుల పద్ధతిని ప్రచురించింది. ఎర్ర అంచున్న చదరంలో నల్ల బొమ్మలు ఉంటాయి. మంట, పుర్రె, చేతిమీద కారుతున్న ఆమ్లం ఇలాగ. పిల్లలు విదేశాల నుంచి తెచ్చిన శుభ్రపరిచే ద్రావకాల మీద మీకు ఇవి కనిపిస్తాయి. ఆ ఎర్ర అంచుకూ మన పురుగుమందు డబ్బా మీది ఎరుపుకూ సంబంధం లేదు. అక్కడ అంచు ఎప్పుడూ ఎరుపే, లోపలి బొమ్మ చూడాలి. అలాగే గుంటూరు - కర్నూలు రోడ్డు మీద పోయే ట్యాంకర్ల వెనక ఒక పలక మీద నాలుగంకెల నంబరు ఉంటుంది. 1203 అంటే పెట్రోలు, 1075 అంటే వంటగ్యాసు, 1017 అంటే క్లోరిన్. ట్యాంకరు బోల్తా పడితే దగ్గరికి వెళ్లకుండా దూరం నుంచే ఆ నంబరు చదివి ఫోనులో చెబితే వచ్చేవాళ్లు సిద్ధమై వస్తారు. 1984 డిసెంబరులో భోపాలులో ఆ రాత్రి ఆసుపత్రికి పరుగెత్తినవాళ్లకు వైద్యం చేసిన డాక్టర్లకు, గాలిలో ఉన్నది ఏమిటో చెప్పే దిక్కు లేకపోయింది. దాని తరువాత 1989లో ప్రమాదకర రసాయనాల నియమాలు వచ్చాయి. అది వేరే ప్రసంగం అవుతుంది.

మన సంఘం తరఫున రెండు పనులు చేయవచ్చునని నా మనవి. వ్యవసాయ శాఖకు, కేంద్రంలో పురుగుమందులు రిజిస్టరు చేసే బోర్డుకు మనం మహజరు పంపుదాం. విరుగుడు, ప్రథమ చికిత్స, రసాయనం పేరు ఈ మూడూ కంటికి కనబడే అక్షరాల్లో, మాట్లాడే తెలుగులో ఉండాలని కోరదాం. కొంచెం చదివించి దిద్దే పని కావాలంటే, తెలుగు పండితులుగా రిటైరైనవారు మన సంఘంలోనే ఉన్నారు, ఉచితంగా చేసిపెడతారు. రెండోది, మిర్చికి మందు కొట్టే రోజులు మొదలయ్యే ముందు ప్రతి ఊళ్లో ఒక సాయంత్రం, ఆసాముల కోసం కాదు, కూలికి పోయేవాళ్ల కోసం, డబ్బా చేత పట్టుకుని చదివి వినిపించే కార్యక్రమం పెడదాం. చదువు చెప్పిన చేతులు మన దగ్గర చాలా ఉన్నాయి. ఖర్చు ఒక మైకు, అంతే. గ్రామ సచివాలయం వాళ్లతో మాట్లాడే బాధ్యత నేను తీసుకుంటాను.

నాలుగు రంగుల లేబుళ్లకు జిరాక్స్ తీయించి, పెద్దవి చేయించి తెచ్చాను. అటు కిటికీ పక్క బల్ల మీద ఉన్నాయి. భోజనాలయ్యాక ఒకసారి చూడండి. భూతద్దం కూడా పెట్టాను, అసలు సైజుది ఒకటి పక్కనే అంటించాను, భూతద్దం లేకుండా ఎవరు చదవగలరో చూద్దాం.